రుమాలు కింద ధర

చెల్లెలి ఫోన్ వచ్చినప్పుడు నేను కరీంనగర్‌లో ఒక మందుల దుకాణం ముందు వరుసలో ఉన్నాను.

“అన్నా, సోమారం అంగడికి రావాలె నువ్వు. ఎద్దును కొనాలె.”

“ఎడ్ల ముచ్చట నాకేం ఎర్క?”

“నీకు ఎర్క లేదు. నాకు ఎర్కనే. నీ చెయ్యి కావాలె, గంతే.”

చెల్లెలిది ఆదిలాబాద్ వైపు ఒక పల్లె. భర్త గల్ఫ్‌లో మేస్త్రీ పని చేస్తాడు. ఇక్కడి పత్తి చేను, అందులో సగం కౌలుది, అంతా ఆమే చూసుకుంటుంది. ఉన్న జత ఎడ్లలో ఒకటి పాము కాటుకు పోయిందని అంతకు ముందే చెప్పింది. అప్పటికి విత్తనం మొలిచింది. తొలి వానలు పడి ఆగాయి. పత్తి మొలకతో పాటే కలుపూ లేచింది. సాళ్ల మధ్య గుంటుక తోలితేనే ఆ కలుపు తెగుతుంది. గుంటుకకు అడుగున ఇనుప బద్ద ఉంటుంది, దాన్ని జత ఎడ్లు లాగాలి. తడి నేలలో అది నడవదు. మళ్లీ వాన పడేలోపు తోలుకోవాలి, లేదంటే కలుపు పత్తిని మింగేస్తుంది. ట్రాక్టర్ దున్నడానికి పనికొస్తుంది గాని మొలక లేచిన సాళ్ల మధ్యకు రాదు. ఊళ్లో ఎడ్లున్న వాళ్లందరికీ అదే వారం అదే పని, కాబట్టి అద్దెకు దొరకవు. ఒంటి ఎద్దు కొట్టంలో కట్టేసి మేత మేస్తూ ఉంది.

నా చెయ్యి ఎందుకంటే, ఆ అంగడిలో పశువుల ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి తరఫున బేరమాడే దలాల్, కొనేవాడు కుడిచేతులు కలుపుతారు. పైన రుమాలు కప్పుతారు. గుడ్డ కింద వేళ్లు పట్టి బేరం చేస్తారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు వేళ్లకు రెండు, పంజా మొత్తానికి అయిదు. ముందు పట్టిన వేళ్లు పదివేల లెక్క, తర్వాత పట్టినవి వెయ్యి లెక్క. చుట్టూ జనం నిలబడి చూస్తున్నా లోపల ఏ ధర నడుస్తోందో ఎవరికీ తెలియదు. అదే ఎద్దుకు ఇందాక ఇంకొకరికి ఏం చెప్పారో అసలే తెలియదు. ఆడమనిషి చెయ్యి ఆ రుమాలు కిందికి పోదు. పరాయి మగవాడు ఆమె చెయ్యి పట్టుకోకూడదు, నోటితో చెబితే అంగడంతా వింటుంది. అందుకని ఆమెకు అసలు చెప్పరు. ప్రతిసారీ ఆమె మామ వెళ్లేవాడు. ఆయనకు ఈ ఏడు మోకాళ్లు పట్టేసి గడప దాటడం కష్టమైంది.

ఫోన్ పెట్టేసేసరికి నా వంతు వచ్చింది. బీపీ గోళీల మీద దుకాణదారు నేను అడగక ముందే ఇరవై శాతం తగ్గించాడు. అవే గోళీలు ఆసుపత్రి గేటుకు ఎదురుగా ఉన్న దుకాణంలో అట్ట మీద అచ్చు వేసిన ధరకే ఇస్తారు. నేను నెలనెలా వచ్చేవాణ్ని, నచ్చకపోతే పక్క వీధికి పోతాను. అక్కడికి చీటీ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు ఎక్కడికీ పోలేడు, లోపల మంచం మీద అతని మనిషి ఉంటాడు.

ఇంటికి పోతూ టవర్ సర్కిల్ మీదుగా వెళ్లాను. బట్టల దుకాణాల మీద ఆషాఢం బోర్డులు వేలాడుతున్నాయి. ఒక చీర కొంటే ఇంకొకటి ఉచితం. పెళ్లిళ్లు లేని నెల, పట్టుచీర అత్యవసరం ఎవరికీ ఉండదు, కనుక బతిమాలి ఇస్తారు. శ్రావణం రాగానే ఆ బోర్డులు దిగిపోతాయి. చాలా ఏళ్లు పేపర్లో మార్కెట్ ధరలు రాశాను. కనిష్ఠం, గరిష్ఠం అని రోజూ రెండు అంకెలు అచ్చయ్యేవి. కనిష్ఠం ఎవరికి దక్కింది, గరిష్ఠం ఎవరి నెత్తిన పడింది అన్నది ఆ పట్టికలో పట్టేది కాదు. తిరిగి తిరిగి చూస్తే నాకు తేలింది ఒకటే. వద్దనుకుని పోగలిగినవాడికి తగ్గిస్తారు. కదలలేనివాడి దగ్గర పూర్తిగా తీసుకుంటారు. పశువుల అంగడిలో మాత్రం ఆషాఢం బోర్డు తిరగబడి ఉంటుంది. ఆ నెలలో ఎద్దు లేకుండా ఇంటికి పోగలిగినవాడు ఎవడూ ఉండడు.

సోమవారం పొద్దున్నే చెల్లెలి ఊరి నుంచి ట్రాలీ ఆటోలో బయల్దేరాం. డ్రైవర్ పక్కన చోటు చాలక ఇద్దరం వెనకాల నిలబడ్డాం. ఆకాశం ఒక వైపు నల్లగా ఉంది. చెల్లెలు మాటిమాటికీ అటే చూస్తోంది. దారిలో తన కొంగు మా ఇద్దరి చేతుల మీద కప్పి పాఠం మొదలుపెట్టింది.

“గిది ఎంత?”

“మూడు.”

“గిది?”

“అయిదు.”

“నాలుగు. బొటనవేలు వదిలిపెట్టిన గదా. కిందికి సూడకు, చేతికే తెల్వాలె. రాసుడు మరిగిన చెయ్యి, దీనికి పట్టుడు ఎట్ల నేర్పుడో ఏమో.”

డ్రైవర్ అద్దంలో చూసి నవ్వాడు. “అక్కా, సారును అంగట్ల అమ్మితే ఎంతకు పోతడే?”

“ఎవ్వడు కొంటడు? పండ్లు సూస్తె వయసు తెలుస్తది,” అంది చెల్లెలు. ఆమె మాత్రం నవ్వలేదు.

తన దగ్గర నలభై వేలున్నాయని, అంతకు మించి వేలు పట్టొద్దని చెప్పింది. నేను కొంత కలుపుతానంటే వద్దంది. “చెయ్యే అడిగిన. పైసలు అడుగలే.” తను కొంగు సర్దుకుంటే ఆ ధర వద్దని, ఎద్దు వెన్ను మీద చెయ్యి వేస్తే సరేనని మా మధ్య గుర్తులు పెట్టుకున్నాం.

“ఇంకొక మాట. అది దాపటిదా, వలపటిదా అని నోరు జారి అడుగకు.”

కాడికి ఎడమ పక్కన నడవడం మరిగిన ఎద్దు దాపటిది. కుడి పక్కన నడిచేది వలపటిది. ఒక పక్కకు అలవాటైనదాన్ని రెండో పక్క కడితే సాలు తప్పుతుంది. చచ్చిపోయింది దాపటిది, మాకు దాపటిదే కావాలి. కానీ కొత్తగా జత కట్టుకునేవాడు ముందు ఒకటి కొని, రెండోదాన్ని దానికి తగ్గట్టు వెతుక్కుంటాడు, ఆ మాట అడగడు. అడిగాడంటే ఇంట్లో ఒంటి ఎద్దు ఉందని అర్థం. ఒంటి ఎద్దు ఉన్నవాడు అంగడి దాటిపోలేడని దలాల్‌కు తెలుసు.

“అడుగకుంటె ఎట్ల తెలుస్తది?”

“మెడ మీద కాడి ఒరుసుకున్న జాగ సూస్తె కొంత తెలుస్తది. నేను సూస్త. నువ్వు సల్లగ నిలవడు. పోవాల్సిన పనున్నట్టు అటు ఇటు సూడు.”

అంగడిలో బురద ఎండి గట్టిపడింది. ఎడ్లు వరుసలుగా గుంజలకు కట్టి ఉన్నాయి. కూరగాయల వైపు ఆడవాళ్లు చాలామంది ఉన్నారు గాని పశువుల వరుసల్లోకి వచ్చేసరికి చెల్లెలు ఒక్కతే. ఆమె నా వెనక నడుస్తూ ఎద్దులను చూస్తున్నట్టు కాక దారి వెతుక్కుంటున్నట్టు నడిచింది. ఒక బూడిదరంగు ఎద్దు పక్కన ఆగి చెప్పులోంచి ముల్లు తీసుకుంటున్నట్టు ఒరిగింది. ఇంటి దగ్గర ఎద్దు మూపురం ఆమె గదుమ దాకా వస్తుంది. ఇదీ అంతే ఉంది. మెడ వైపు చాలాసేపు చూసింది. నా పక్కకు వచ్చి, “ఇదే అడుగు” అంది. గొంతులో అనుమానం వినిపించింది. కానీ ఆకాశం వైపు చూసి మళ్లీ ఏమీ అనలేదు.

ఎద్దు యజమాని మహారాష్ట్ర సరిహద్దు అవతలి వాడు. తెల్ల టోపీ పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మాట్లాడేదంతా దలాలే. భుజం మీది ఎర్ర రుమాలు తీసి నా చెయ్యి అందుకున్నాడు.

“రా సారూ. గిసొంటి ఎద్దు ఇయ్యాల అంగట్ల ఇంకొకటి సూపియ్యి. నీ చెప్పులు మోస్త.”

రుమాలు కింద అతని చెయ్యి ఎండిన తోలులా ఉంది. నాలుగు వేళ్లు పట్టాడు. వదిలి రెండు పట్టాడు. నలభై రెండు. నేను మూడు, తర్వాత పంజా. ముప్పై అయిదు.

“ఏం పని చేస్తవ్ సారూ? దూది లెక్క ఉంది చెయ్యి. క్వింటాల్‌కు ఎంత ఇస్తరు దీనికి?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను అటూ ఇటూ చూశాను. పోవలసిన పని ఉన్నట్టు కనిపించానో లేదో తెలియదు. దలాల్ మళ్లీ నాలుగు వేళ్లు పట్టి ఊరుకున్నాడు. నలభై. చెల్లెలి ముఖం వైపు చూశాను. ఆమె ఎద్దు వెన్ను మీదికి చెయ్యి చాపుతోంది.

అప్పుడే చెల్లెలి పక్క ఊరి మనిషి ఒకడు ఆ వరుసలోంచి పోతూ ఆగాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

“ఏం వదినె, నువ్వే వస్తివి అంగడికి? దుబాయ్ల అన్న మంచిగున్నడా? నీ ఎద్దును పాము కరిసిందట గదా, మొన్ననే ఇన్న. పాపం, గుంటుక పని మీద ఎంత కష్టమొచ్చె.”

చెల్లెలి చెయ్యి గాలిలోనే ఆగింది. దలాల్ ముఖంలో ఏ మార్పూ లేదు. పాన్ నములుతూనే ఉన్నాడు. కానీ రుమాలు కింద అతని బొటనవేలు కదిలి నా బొటనవేలిని కూడా కలిపి పట్టుకుంది. పంజా మొత్తం. యాభై.

“గిదేంది?” అన్నాను.

“ఏది సారూ?”

“ఇప్పుడే నాలుగుండె.”

“ఏం నాలుగు? నేను నోరు తెరిసిన్నా? మీరు ఇన్నరానే?” అని జనం వైపు తిరిగాడు. ఎవరూ వినలేదు. వినడానికి అక్కడ ఏమీ లేదు. అదే ఎద్దు, అదే ఎండ, ఒక పలకరింపు ముందు ఒక ధర, తర్వాత ఒక ధర. నేను చెయ్యి లాక్కోబోయాను. అతను వదల్లేదు. వదిలితే బేరం చెడినట్టు, ఉంచితే నడుస్తున్నట్టు. ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాను.

చెల్లెలు నా ముఖం చూసింది. ముందుకు వచ్చి రుమాలు కొస పట్టి లాగేసింది.

అంత వెలుతురులో మా రెండు చేతులు బయటపడ్డాయి. అతని పిడికిట్లో నా అయిదు వేళ్లూ ఉన్నాయి. అక్కడున్న ప్రతివాడికీ అది చదవడం వచ్చు.

“యాభై?” అన్నాడు వెనక నుంచి ఒకతను. “నాకు పొద్దుగాల ముప్పై ఎనిమిదికి పట్టినవు గదనే గిదే ఎద్దును?”

“పొద్దుగాలది పొద్దుగాల్నే పాయె,” అన్నాడు దలాల్. చెయ్యి వదిలేశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “రుమాలు గుంజుడేంది బాయీ? గిది ఏడి పద్ధతి? మా తాతల కాన్నుంచి ఎవ్వడు గుంజలే.”

అటు పక్క ఎడ్లు అమ్మేవాళ్లు లేచి వచ్చారు. ఒకడు, “నోటితోని రేట్లు చెప్పుకుంటె ఇగ మా ఎడ్లకేమొస్తది?” అన్నాడు. ఇంకొకడు, “ఈమెకు ఎవ్వలు చూపియ్యకుండ్రి. పోనియ్యుండ్రి ఇంటికి,” అన్నాడు. గుంపు దగ్గరికి జరిగింది. పలకరించిన పక్క ఊరి మనిషి ఎప్పుడు జారుకున్నాడో చూడలేదు. చెల్లెలి చేతిలో ఇంకా రుమాలు ఉంది. ఎద్దు లేకుండా ఇంటికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ సంగతి ఇప్పుడు అంగడికంతా తెలుసు.

రుమాలు దలాల్ భుజం మీద వేసి ఆమె నేల మీద కూర్చున్న యజమాని వైపు తిరిగింది.

“కాకా, నోటితోనే అడుగుతున్న. నీ ఎద్దుకు నువ్వెంత అనుకున్నవ్?”

“కాయ్ సాంగూ, బాయీ?” అన్నాడు అతను. ఏం చెప్పాలమ్మా అని. దలాల్‌ను చూశాడు. వారం వారం ఈ దలాల్ తోనే అతనికి పని. కాసేపు గడ్డిపరక విరుస్తూ కూర్చుని, ధర చెప్పకుండా ఒక ప్రశ్న వేశాడు. “నీ ఇంటి కాడ ఉన్నది ఏ దిక్కు నడుస్తది?”

ట్రాలీలో నన్ను అడగొద్దన్న మాట అది. ఇక దాచడానికి ఏం మిగిలింది.

“వలపట. నాకు దాపటిది కావాలె.”

“నాహీ, నాహీ.” అతను తల ఊపాడు. “ఇది గూడ వలపటనే. ఎప్పటి సంది గట్లనే నడిచింది. దాపట కడితె పండుకుంటది.”

దలాల్ అటు తిరిగి పాన్ ఉమ్మాడు. చెల్లెలు ఎద్దు మెడ వైపు మళ్లీ చూసింది. ఇంకొక్క నిమిషం ఆ మనిషి పలకరించకుండా ఉంటే ఆమె దాని వెన్ను మీద చెయ్యి వేసేది. రేపు పొద్దున కాడికి రెండు వలపటి ఎడ్లు ఉండేవి.

గుంపు వెనక నుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

“దాపటిది నా కాడుంది బిడ్డా.”

భుజాన గొంగడి, చేతిలో పగ్గం. చివరి వరుసలో తెల్లవారుజాము నుంచి కూర్చున్నాడట. జతలో ఒకదానికి కాలు విరిగింది, రెండోది అమ్ముదామని తెచ్చాడు. దాపటి ఎద్దు కావాలని ఆ పొద్దు ఎవరూ పైకి అనలేదు కాబట్టి దలాల్‌లు దాన్ని కొనేవాళ్లెవరికీ చూపించలేదు. మేమంతా అక్కడికి నడిచాం. గుంపూ వచ్చింది. దలాలూ వచ్చాడు. ఎర్ర ఎద్దు, వయసు కొంచెం ఎక్కువ. చెల్లెలు దాని పక్కన నిలబడింది, ఈసారి ముల్లు తీసుకునే నటన లేకుండా. మూపురం గదుమ కంటే కొంచెం తక్కువగా వచ్చింది. పర్వాలేదన్నట్టు చూసింది.

“ఎంత తాతా? నోటితోనే చెప్పు.”

ముసలాయన అందరినీ చూసి, దాయడం తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. “ముప్పైకి మించి రాదన్నరు దలాల్లు. ఇంత వయసుదాన్ని ఒంటిగ ఎవ్వలు కొంటరని.”

ఇప్పుడు కదలలేనివాడు ఆయన. ముప్పై అంటే ఇచ్చేస్తాడు. అందరూ చెల్లెలి నోటి వైపు చూస్తున్నారు.

“ముప్పై అయిదు,” అంది.

“ముప్పై అంటుంటె ముప్పై అయిదు ఇస్తవా? దుబాయ్ పైసలు మస్తున్నయి తియ్యి,” అని ఎవరో అన్నారు. నవ్వులు.

“ముప్పై ఏడు,” అన్నాడు దలాల్. నవ్వులు ఆగిపోయాయి. “ఏం, నేను కొనొద్దా? నోటి బేరమే గదా. నేనే కొంట.”

కొని ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. అంగడి దాటకముందే ఆమెకే అమ్ముతాడు, ఆమెకు దాపటిదే కావాలని కూడా ఇప్పుడు అతనికి తెలుసు. రుమాలు కింద అయితే అతను ఏం పట్టాడో ఆమెకు తెలిసేది కాదు. పైకి అన్నాక ఆమె దాచుకోవడానికీ చోటు లేదు. ముసలాయన ఒకసారి అతన్ని, ఒకసారి ఈమెను చూశాడు. పెద్దాయనకు ఆ రెండు వేల తేడా ఎక్కువే.

“నలభై,” అంది చెల్లెలు.

అది చివరిదని నాకు తెలుసు. ఆమె ముఖంలో అది కనిపించకుండా ఉండాలని నేను నేల వైపు చూశాను. దలాల్ ఎద్దు నోరు తెరిచి పళ్లు చూశాడు. వెనక్కి వచ్చి తోక పక్కన నిలబడ్డాడు. లెక్క వేసుకుంటున్నాడు. నలభైకి పైన కొంటే ఈ వయసు ఎద్దును ఆమె కాక ఇంకెవరూ కొనరు, ఆమె కొనలేకపోతే అతనే మేపాలి. చివరి వరుసలో ఎవరి ఎద్దో మెడగంట కదిలించింది.

“తీస్కపో బాయీ,” అన్నాడు చివరికి. “నలభైకి ముసలి ఎద్దు. రుమాలు కింద బేరమైతె గింత పెట్టకపోదువు.”

నిజమే కావచ్చు. పక్క ఊరి మనిషి రాకముందు బూడిద ఎద్దుకు అతను నాలుగు వేళ్లు పట్టింది కూడా ఇంతే. ముసలాయన పగ్గం ఆమె చేతికిచ్చి, నోట్లు తీసుకుని లెక్కపెట్టకుండా గొంగట్లో దోపుకున్నాడు. మేము వెళ్తుంటే అంగడిలో ఎవరూ దారి ఆపలేదు, ఎవరూ మాట కూడా ఆడలేదు. వచ్చే సీజన్లో ఆమె మళ్లీ ఇక్కడికే రావాలి. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ట్రాలీలో అడిగాను, ముప్పై అన్నప్పుడు ముప్పైకే ఎందుకు అడగలేదని.

“ముప్పై అంటె వాడు ముప్పై ఒకటి అంటుండె. ముప్పై అయిదంటె ఊకుంటడు అనుకున్న,” అంది. “ఊకోలే.”

మర్నాడు పొద్దున ఆమె రెండింటినీ కాడికి కట్టింది. ఎర్రది దాపటనే నిలబడింది. కొత్త జత కదా, మొదటి సాళ్లలో పాతది ముందుకు పోయేది, కొత్తది ఆగేది. గుంటుక వంకరగా పోయి రెండు చోట్ల మొలకలు కోసేసింది. ఆమె తిట్టకుండా ఆగి, కాడి సర్ది, మళ్లీ తోలింది. ఎండ ఎక్కేసరికి రెండూ ఒక నడకకు వచ్చాయి. బద్ద కింద గడ్డి వేళ్లతో తెగి పడుతోంది. నేను గట్టు మీద నీళ్ల సీసా పట్టుకుని కూర్చున్నాను. దక్షిణం వైపు సాళ్లు ఒక్కొక్కటే నల్లగా తేలాయి.

చేను నడిమికి వచ్చేసరికి గాలి మారింది. ఆమె ఆపలేదు. చినుకు మొదలయ్యాక కూడా ఇంకో సాలు వేసింది. బద్దకు మట్టి అంటుకుని గుంటుక లేవకపోయేసరికి అప్పుడు ఆగింది. ఎడ్లను విప్పి కొట్టం వైపు తోలింది. వాన సాయంత్రం దాకా కురిసింది.

ఉత్తరం వైపు సగం అట్లాగే మిగిలింది. దానికి ఇక కూలీలను పెట్టి చేత్తోనే తీయించాలి. తడిచేన్లో కలుపు తీయడానికి ఆ వారం ఊళ్లో అందరికీ కూలీలు కావాలి. పొద్దుగూకే వేళకు చెల్లెలు కూలి ఎంతో అడగడానికి పక్కింటికి వెళ్లి వచ్చింది.

“ఎంతంటున్నరు?” అని అడిగాను.

“చెప్తలేరు,” అంది. “రేపు పొద్దుగాల చెప్తరట.”